నాలుగో ట్రే

టార్చి మూతికి అట్టగొట్టం తొడిగి, దాని మీద గుడ్డును నిలబెట్టి, అప్పాయమ్మ కన్ను దగ్గరగా పెట్టింది. గుడ్డు లోపల ఎర్రగా వెలిగింది. సన్నని నెత్తురు నరాలు అటూ ఇటూ పాకి ఉన్నాయి. మధ్యలో మిరియం గింజంత నల్లటి కన్ను. చూస్తుండగానే అది ఉలిక్కిపడ్డట్టు ఒకసారి కదిలింది.

"ఉందమ్మా. బతికే ఉంది."

"నెంబరు?"

"మొదటి ట్రే, ఆరు."

తలుపులూ కిటికీలూ మూసిన గదిలో అవతలి బల్ల దగ్గర మంజుష సెల్‌ఫోన్ వెలుతురులో కాగితం మీద గుర్తు పెట్టుకుంది. ఆమె రాజమండ్రిలోని ఆ ప్రైవేటు కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. అప్పాయమ్మ ఆ డిపార్టుమెంటులో అటెండరు. బల్లలు తుడవడం, గాజు సామాను కడగడం ఆవిడ పని. గుడ్లు వచ్చాక అవి కూడా ఆవిడ పనే అయ్యాయి. పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం అయిదుకి గుడ్లు పొదిగే మెషీన్ తలుపు తెరిచి నలభై గుడ్లనూ ఒక్కొక్కటిగా తిప్పాలి. ప్రతి గుడ్డుకీ ఒక పక్క పెన్సిలుతో ఇంటూ, రెండో పక్క సున్నా. పొద్దున్న ఇంటూలు పైకి ఉంటే మధ్యాహ్నం సున్నాలు పైకి రావాలి. తిప్పకపోతే పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. ఆ సంగతి అప్పాయమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొదుగు మీద కూర్చున్న పెట్ట ముక్కుతో గుడ్లను దొర్లించుకోవడం ఆవిడ చిన్నప్పటి నుంచీ చూసిందే. ఆదివారం కాలేజీకి సెలవైనా క్యారేజీ కట్టుకుని ధవళేశ్వరం నుంచి ఆటోలో వచ్చి, సాయంత్రం దాకా ఉండి, మూడుసార్లూ తిప్పి వెళ్ళింది.

మొదటి ట్రేలో పదింటికి తొమ్మిది బతికి ఉన్నాయి. ఆ గుడ్లకు మంజుష వేసింది ఉప్పునీటి చుక్క మాత్రమే. మిగతా మూడు ట్రేలకూ కడుపుతో ఉన్నవాళ్ళ కోసమని అమ్మే 'మాతృపర్ణి' టీ కషాయం వేసింది. ఏడు రకాల ఆకులతో చేసిన ఆ టీపొడిని నీళ్ళలో మరిగించి, వడగట్టి, గుడ్డు మొద్దు వైపు సూదంత బెజ్జం చేసి, సిరంజితో ఒక్కో చుక్క వదిలి, మైనంతో మూసింది. రెండో ట్రేకు పలచన. మూడో ట్రేకు చిక్కన. నాలుగో ట్రేకు మరీ చిక్కన.

రెండో ట్రేలో ఎనిమిది బతికున్నాయి. మూడో ట్రేలో అయిదు.

నాలుగో ట్రేలోంచి మొదటి గుడ్డు తీసి టార్చి మీద పెట్టినప్పుడు అప్పాయమ్మకు నరాలు కనిపించలేదు. పెంకు లోపల చుట్టూ ఎర్రటి వలయం, గాజు గ్లాసు అడుగున ఎండిపోయిన మరకలా ఉంది. గుడ్డును కాస్త వంచింది. లోపల ఏదో నల్లగా ఒక పక్కకి జారింది. దానంతట అది కదల్లేదు.

"లేదమ్మా."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. అయిదో గుడ్డు దగ్గర మంజుష లేచి వచ్చి తనే కన్ను పెట్టి చూసింది. మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఎనిమిది పోయాయి. మిగిలిన రెండింటిలోనూ కన్ను కదులుతోంది గానీ నరాలు పలచగా ఉన్నాయి.

లైట్లు వేశాక పోయినవాటిని ఒక్కొక్కటే పగలగొట్టి గాజు పళ్ళెంలోకి వంచారు. మంజుష పట్టకారుతో పొర తీసి చూపించింది. చిటికెన వేలు గోరంత తల. ఒక పక్క కన్ను పెద్దదిగా ఉంది. రెండో పక్క కన్ను ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అప్పాయమ్మ పైటచెంగుతో నోరు మూసుకుంది. కోళ్ళ పని ఆవిడకు కొత్త కాదు. మురిగిన గుడ్లు ఎన్నో పారబోసింది. ఇది మురిగిపోవడం కాదు.

"అమ్మా, మా అమ్మాయి దుర్గ తాగుతోంది కదండీ ఈ టీ."

మంజుష చేతిలో పట్టకారు ఆగింది. "ఎన్నో నెల?"

"అయిదు వెళ్ళి ఆరు వచ్చిందండి. మొదటి ప్యాకెట్టు నేనే తీసుకెళ్ళాను. హెచ్‌ఓడీ సారు స్టాఫందరికీ ఇచ్చారు కదా, అదే."

"గుడ్డు వేరు, మనిషి వేరండి. గుడ్డులో మందు నేరుగా పిల్లకే తగులుతుంది. మనిషికైతే తల్లి కడుపు, రక్తం, మాయ, ఇవన్నీ దాటాలి. పైగా మనం వేసింది బాగా చిక్కటిది. ఒక్క బ్యాచ్ చూసి చెడ్డదని చెప్పకూడదు."

"మంచిదని చెప్పొచ్చాండీ?"

మంజుష పళ్ళెం మీద మూత పెట్టింది.

"పోనీ, మీ చెల్లెలు తాగుతోందనుకోండి. ఏం చెబుతారు?"

"మానెయ్యమంటాను," అంది మంజుష, గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి.

మధ్యాహ్నం ఒంటిగంటకి బతికున్న గుడ్లన్నీ తిప్పి, మెషీన్ తలుపుకు అంటించిన కాగితం మీద టైము వేసి, సంతకం పెట్టి, అప్పాయమ్మ వరండా చివరికి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది. ఆనకట్ట దాటాక బొబ్బర్లంక వైపు ఒక పేటలో కాపురం ఉంటోంది దుర్గాశ్రీ. కిందటేడు మూడో నెలలో ఒకటి పోయింది. ఈసారైనా నిలబడాలని ఆ పిల్ల ఎవరు ఏది చెబితే అది తింటోంది, ఏది తాగమంటే అది తాగుతోంది.

"కోడిగుడ్లకి టీ పోశారా?" అని దుర్గ పకపకా నవ్వింది. "మా ఆయనకి చెప్పకే అమ్మా, పందెం కోళ్ళకి కూడా పోసేస్తాడు."

అప్పాయమ్మ నవ్వలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. కన్ను లేని సంగతి చెప్పబోయి ఆగిపోయింది.

అవతల దుర్గ స్టవ్వు ఆపిన చప్పుడు వినిపించింది.

"సరే, మానేస్తాను. ఇవాళ్టి నుంచే. ఇక్కడ నాతో కలిపి పద్దెనిమిది మందిమి తాగుతున్నామే. కంపెనీవాళ్ళు శుక్రవారం శుక్రవారం కమ్యూనిటీ హాల్లో పంచిపెడుతున్నారు కదా. వాళ్ళకి చెప్పొద్దా?"

"చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు."

"నీ పేరు ఎత్తకపోతే నా మాట ఎవరు నమ్ముతారే?" అంది దుర్గ.

*

గురువారం పొద్దున్న అప్పాయమ్మ తొమ్మిదింటి తిప్పుడు తిప్పుతుండగా హెచ్‌ఓడీ సూర్యనారాయణరాజు గారు ల్యాబులోకి వచ్చారు. ఆయన సాధారణంగా పదకొండుకి ముందు రారు. చెప్పులు విప్పకుండానే మెషీన్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"తలుపు పూర్తిగా తియ్యి."

తీసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ట్రేలన్నీ చూశారు. వంగి, కింద నీళ్ళ పళ్ళెం పక్కకి చెయ్యి పెట్టి, పాతగుడ్డలో చుట్టిన మూట ఒకటి బయటికి తీశారు. విప్పితే బొగ్గుముక్క, ఇనుపమేకు.

"ఇవేంటి?"

"ఉరుములకండి," అంది అప్పాయమ్మ. "పొదుగు వేసినప్పుడు గంపలో వేస్తామండి. ఉరుములు ఉరిమితే గుడ్లు మురిగిపోతాయి కదండీ. పోయిన వారం గాలివానకి పెట్టానండి."

రాజుగారు గట్టిగా నవ్వారు. "చూశావా మంజుషా, నలభై వేల ఇంక్యుబేటర్‌ని అప్పాయమ్మ గంప చేసేసింది."

మంజుష నవ్వడానికి ప్రయత్నించింది. అప్పాయమ్మ కూడా నవ్వింది, సారు నవ్వుతున్నారు కదా అని. ఆయన నవ్వు ఆగిపోయింది గానీ మూట మాత్రం జేబులో పెట్టుకున్నారు.

"ఆ గుడ్లు తిప్పడం అయ్యాక ఇద్దరూ నా రూముకి రండి."

రూములో ఆయన బల్ల ముందు రెండు కుర్చీలు ఉన్నాయి. పదకొండేళ్ళుగా అప్పాయమ్మ ఆ కుర్చీలు తుడుస్తోంది. వాటిలో ఎప్పుడూ కూర్చోలేదు.

"కూర్చోండి అప్పాయమ్మగారూ," అన్నారు రాజుగారు.

ఆయన నోట గారూ అనడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. కుర్చీ అంచు మీద కూర్చుంది.

"మన కాలేజీ కమిటీ మెంబరుగారు నిన్న రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ టీ ఆయన సొంత కంపెనీదని మీకు తెలుసు కదా. కాలేజీలో పరీక్ష చేయించాం అని ప్యాకెట్టు మీద వేసుకుందామని ఆయనే మనల్ని అడిగారు. మీ అమ్మాయి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఏదో చెప్పిందట. రేపు శుక్రవారం. ప్యాకెట్లు ముట్టుకోం అంటున్నారట."

"నేను చూసిందే చెప్పానండి."

"చూశారు. కాదనను. చూసింది ఎందువల్ల జరిగిందో చెప్పడం మీ పనీ కాదు, మీ అమ్మాయి పనీ కాదు. ఒక ప్రయోగం చెడిపోవడానికి వంద కారణాలు ఉంటాయి. వేడి తగ్గొచ్చు. తిప్పడంలో లోపం ఉండొచ్చు. మెషీన్‌లో బొగ్గులూ మేకులూ ఉండొచ్చు."

అప్పాయమ్మ తన చేతులకేసి చూసుకుంది. రాత్రంతా ఆవిడ కూడా అదే ఆలోచించింది. నా వల్లేనా? బొగ్గువల్లేనా? పొద్దున్న నాలుగో ట్రే గుడ్లు తిప్పుతూ, పక్కనే మొదటి ట్రే గుడ్లు తిప్పుతూ, ఒక్కసారి ఆగిపోయింది. అప్పుడు తోచిన మాట ఇప్పుడు పైకి వచ్చింది.

"ఆ బొగ్గు నాలుగు ట్రేలకీ ఒకటే కదండీ. వేడీ ఒకటే. తిప్పిందీ నేనే. మొదటి ట్రేలో తొమ్మిది బతికే ఉన్నాయండి. నా చెయ్యి నాలుగో ట్రేకి మాత్రమే చెడ్డదైందాండీ?"

రాజుగారు ఆవిడ వైపు చూశారు. పదకొండేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. తర్వాత మంజుష వైపు తిరిగారు. మంజుష నేల మీది గచ్చు పలకల గీతలు చూస్తోంది.

"అది అడగాల్సింది నువ్వు కాదు," అన్నారు. గారూ పోయింది.

ఒక కాగితం బల్ల మీద జరిపారు. ఆఫీసులో తెలుగులో టైపు చేయించారు. అప్పాయమ్మ వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. అయిదో రోజు నుంచి ఎనిమిదో రోజు వరకు ఒంట్లో బాగోక గుడ్లు సరిగా తిప్పలేదు. తిప్పినట్టు కాగితంలో టైము వేసి సంతకం చేశాను. ఎవరికీ చెప్పకుండా మెషీన్‌లో బొగ్గు, ఇనుపమేకు పెట్టాను. గుడ్లు చెడిపోవడానికి ఇదే కారణం. అందులో ఒక్క వాక్యం నిజం. ఆ ఒక్కదాని పక్కన చేరి మిగతావి కూడా నిజంలాగే కనిపిస్తున్నాయి.

"ఇది లోపల ఫైలులో ఉండే కాగితం. బయటికి పోదు," అన్నారు రాజుగారు, ఈసారి మెత్తగా. "ఆగస్టులో కొత్త గుడ్లు తెప్పించి మళ్ళీ మొదలుపెడదాం. అప్పుడు కూడా ఇలాగే వస్తే అప్పుడు చూద్దాం. ఈలోగా ఈ బ్యాచ్ చెల్లదని రాసుకోవడానికి ఏదో ఒక కారణం కావాలి కదా? నీ ఉద్యోగం పోకుండా నేను అడ్డుంటాను. ఈ నెలాఖరుకి అవుట్‌సోర్సింగ్ లిస్టు మళ్ళీ వేస్తారు. అందులో నీ పేరు నా చేత్తో రాస్తాను. ఈ పిల్ల నాలుగేళ్ళ చదువు కూడా దీని మీదే ఉంది."

అప్పాయమ్మ మంజుష మొహం వైపు చూసింది. ఒక్క మాట, కాదండీ సార్, ఆవిడ తిప్పిందండీ అనే ఒక్క మాట కోసం చూసింది. మంజుష పెదవి కొరుక్కుంటోంది. ఆ పిల్ల చేతిలో మడిచిన కాగితం ఒకటి ఉంది. మెషీన్ తలుపుకు అంటించి ఉండాల్సిన టైముల కాగితం అది. ఇక్కడికి వచ్చేముందు ఊడదీసినట్టుంది. దాన్ని ఇంకా చిన్నగా మడుస్తోంది.

దుర్గ మానేసింది కదా, అనుకుంది అప్పాయమ్మ. నాకు కావలసింది అదే. ఈ కాగితం బీరువాలో పడి ఉంటుంది. ఉండనీ.

పెన్ను తీసుకుని సంతకం చేసింది. అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా పడ్డాయి.

"ఈ బ్యాచ్ మొత్తం తీసి పారెయ్యి," అన్నారు రాజుగారు కాగితం ఫైలులో పెట్టుకుంటూ.

"బతికినవి కూడానాండీ?"

"మొత్తం అన్నాను కదా."

ల్యాబుకి వెళ్ళి అప్పాయమ్మ మెషీన్ స్విచ్చు ఆపింది. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. వేడి తగ్గితే వాటంతట అవే పోతాయని, తలుపు బార్లా తెరిచి పెట్టి, స్టూలు మీద కూర్చుంది. ఒంటిగంట అయింది. ఆవిడ చేతులు అలవాటు కొద్దీ లేచాయి. మొదటి ట్రేలో ఆరో గుడ్డుని తిప్పి, ఏం చేస్తున్నానో గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

*

శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి అప్పాయమ్మ ఆనకట్ట మీదుగా ఆటోలో వెళ్ళింది. కూతురికి ఇష్టమని పనసతొనలు కొని పట్టుకెళ్ళింది. శుక్రవారం అంతా ఫోన్ చేసినా దుర్గ ఎత్తలేదు.

గుమ్మంలో అల్లుడు గణేష్‌బాబు ఎదురయ్యాడు. టీ కంపెనీ వ్యానుకు అతను డ్రైవరు. ఎప్పుడూ అత్తగారిని చూస్తే చేతిలో సంచీ అందుకునేవాడు. ఇవాళ పక్కకి జరిగి దారి మాత్రం ఇచ్చాడు.

"ఏంటి బాబూ, అలా ఉన్నారు?"

"ఏం చెప్పమంటారు అత్తయ్యగారూ. నిన్న ప్యాకెట్లతోపాటు కాలేజీ నుంచి ఒక కవరు కూడా తెమ్మన్నారు. తెచ్చాను. హాల్లో మైకులో చదివారు. మీరు రాసిచ్చిన కాగితమటండి. నా చేత్తో నేనే మోసుకొచ్చాను, అందులో ఏముందో తెలీక."

"లోపల ఫైలులో ఉంటుందన్నారు," అంది అప్పాయమ్మ. ఆ మాట ఎవరికి చెబుతోందో ఆవిడకే తెలియలేదు.

"ఇదిగో చూడండి, గ్రూపులో కూడా పెట్టారు," అని ఫోన్ చూపించాడు. కింద మూలలో గుండ్రటి అక్షరాలతో ఆవిడ సంతకం ఉంది. "మా ఓనరు నన్నేమీ అనలేదండి. నవ్వారు. మీ అత్తగారు నిజాయితీగా ఒప్పుకున్నారయ్యా, మంచి మనిషి, అన్నారు. కొడితే బాగుండేది."

దుర్గ వంటింట్లో చిన్నపీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. స్టవ్వు పక్కన గిన్నెలో పచ్చటి ఆకునీళ్ళు మరిగి ఆగి ఉన్నాయి. వాసన ఇల్లంతా ఉంది.

"మళ్ళీ తాగుతున్నావా?" అంది అప్పాయమ్మ.

"నిన్న తాగాను. అందరి ముందూ." కత్తి ఆగలేదు. "కాగితం చదవడం అయ్యాక వీరవేణి లేచి, ఈ పిల్లే మమ్మల్ని భయపెట్టిందండీ అంది. అందరూ నా వంక చూశారు. ఆ కంపెనీ ఆవిడ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, నువ్వు మొదట తాగమ్మా, అందరికీ ధైర్యం వస్తుంది అంది. తాగాను. చప్పట్లు కొట్టారు."

అప్పాయమ్మ పీట ముందు కింద కూర్చుంది.

"పొద్దున్న కూడా తాగుదామనే పెట్టాను," అంది దుర్గ. "మా అమ్మ తిప్పలేదట, అందుకే పోయాయట, ఇంక నాకేం భయం అనుకున్నాను. తీరా తాగబోతే చెయ్యి రాలేదు." ఇప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఒక్క మాట చెప్పమ్మా. ఇంకేం చెప్పకు. తిప్పావా, తిప్పలేదా?"

"తిప్పాను."

"ఆదివారం?"

"తిప్పాను. మూడుసార్లూ."

"ఒంట్లో బాగోలేదని రాశారు."

"ఒళ్ళు బాగానే ఉంది. అంతా అబద్ధం. ఒక్క బొగ్గు మాట నిజం. అది నాలుగు ట్రేలకీ ఒకటే దుర్గా. ఒక్క ట్రేలోనే ఎనిమిది పోయాయి. ఒకదానికి..." ఇంక దాచలేకపోయింది. "ఒకదానికి ఒక కన్నే లేదు."

దుర్గ చెయ్యి కడుపు మీదకి వెళ్ళింది. లేచి, గిన్నె ఎత్తి, పెరట్లోకి వెళ్ళి తూములో పారబోసింది. డబ్బాలో ఉన్న పొడి కూడా పారబోసింది. గిన్నె రెండుసార్లు తోమి బోర్లించింది. తిరిగి వచ్చి పీట మీద కూర్చుంది. అప్పాయమ్మకు ఊపిరి వచ్చింది. నమ్మింది, చాలు, అనుకుంది. పనసతొనల పొట్లం విప్పి కూతురి ముందు పెట్టింది.

దుర్గ వాటిని ముట్టుకోలేదు.

"నువ్వు తిప్పలేదని అంటే నేను నీ మీద కోప్పడేదాన్ని కాదు," అంది. "పెద్దదానివి, ఒంట్లో బాగోలేదేమో, మర్చిపోయావేమో, పోనీలే అనుకునేదాన్ని. నువ్వు తిప్పావు. చూశావు. నేను తాగుతున్నానని తెలుసు. తెలిసే పెట్టావు సంతకం."

"నువ్వు మానేశావు కదా అనుకున్నానే."

"అంటే నా ఒక్కదానికి తెలిస్తే చాలనుకున్నావు."

అప్పాయమ్మ పనసతొనల పొట్లం మళ్ళీ మూసింది. ఉద్యోగం అనబోయింది. ఈ పిల్ల పురుడు తనే పోయాలి, ఆ ఖర్చు తనే పెట్టాలి, అందుకే ఆ ఉద్యోగం కావాలి అనబోయింది. అదంతా నిజమే. కానీ ఇక్కడ ఈ పీట ముందు కూర్చుని చెప్పేలా లేదు.

"మిగతా పదిహేడు మందీ నీ సంతకం చూసి తాగుతున్నారు," అంది దుర్గ బెండకాయ ముచ్చికలు ఏరి పక్కన పడేస్తూ. "ముందు తాగేవాళ్ళకి కాస్త భయం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. వీరవేణి రోజుకి మూడుసార్లు తాగుతోందట, రెండు రోజులు పోయిందని. నేను చెబితే ఇంక వినరు. నన్ను చూసి నవ్వుతున్నారు. వెళ్ళు. నువ్వు పెట్టిన సంతకం, నువ్వే వెళ్ళి చెప్పుకో."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? పురుళ్ళు అయ్యాకా?"

*

వీరవేణిది వీధిలో మూడో ఇల్లు. ఏడో నెల. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని సీరియల్ చూస్తోంది. అప్పాయమ్మను చూడగానే ఫోన్ ఆపేసి లేవబోయింది.

"లేవకమ్మా, లేవకు."

"రండి పిన్నిగారూ, కూర్చోండి. అయ్యో, ఆ ఎండలో వచ్చారా?" లోపలికి కేక వేసి మంచినీళ్ళు తెప్పించింది. "నిన్న నేను హాల్లో దుర్గని ఏదో అన్నానని బాధపడుతోందా అండి? ఊరికే అన్నాను. మనసులో ఏం పెట్టుకోవద్దని చెప్పండి."

"దాని గురించి కాదమ్మా." అప్పాయమ్మ దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడవన్నీ చెదిరిపోయాయి. "నేను గుడ్లు తిప్పాను."

"ఏంటండీ?"

"ఆ కాగితంలో తిప్పలేదని ఉంది కదా. అది అబద్ధం. రోజూ మూడు పూటలా తిప్పాను. టీ పొయ్యని గుడ్లు బతికాయి. టీ బాగా పోసినవి పోయాయి. నేను కళ్ళారా చూశాను. మనుషులకి ఏమవుతుందో నాకు తెలీదు. వాళ్ళకీ తెలీదు. తెలిసేదాకా తాగకండమ్మా."

వీరవేణి ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో కోపం లేదు, భయం లేదు. జాలి ఉంది.

"పోనీలెండి పిన్నిగారూ," అంది మెల్లగా. "పెద్దవయసులో ఎవరికైనా మరుపు వస్తుంది. మా అత్తయ్య చూడండి, స్టవ్వు మీద పాలు పెట్టి సందు చివరికి పోతుంది. దానికి పరువు పోయిందని అనుకోవడం దేనికి? పైగా మీరు తప్పు చేశానని ఒప్పుకున్నారు. ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటారండీ?"

"మర్చిపోలేదమ్మా. అబద్ధం ఆడాను. ఉద్యోగం పోతుందని అబద్ధానికి సంతకం పెట్టాను."

"అబద్ధాలాడేవాళ్ళు ఇలా ఇంటికొచ్చి మరీ చెప్పుకుంటారాండీ?" వీరవేణి నవ్వింది. ముందుకు వంగి అప్పాయమ్మ చేతి మీద చెయ్యి వేసింది. "కూతురి మాట నలుగురిలో పోకూడదని వచ్చారు, నాకు తెలుసు. మా అమ్మైనా ఇలాగే చేస్తుంది. మీరు బంగారం లాంటి మనిషి."

లోపలి నుంచి వాళ్ళ అత్తగారు రెండు గ్లాసులతో వచ్చి ఒకటి అప్పాయమ్మ ముందు, ఒకటి కోడలి ముందు పెట్టింది. పచ్చటి ఆకునీళ్ళు. పైన పొగ.

"తాగండి, చల్లారిపోతుంది."

"తాగకమ్మా," అంది అప్పాయమ్మ. గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టింది. వీరవేణి ఆ చేతిని మర్యాదగా, పసిపిల్ల చేతిని తప్పించినట్టు, పక్కకి తప్పించింది. గ్లాసు ఎత్తి ఊదుకుంటూ తాగింది. గొంతులో గుటక దిగడం కనిపించింది.

అప్పాయమ్మ లేచి నిలబడింది. చెప్పులు వేసుకుంటుంటే ఒక చెప్పు మడమ దగ్గర మడతపడింది. వంగి సరిచేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకెవరున్నారమ్మా ఈ వీధిలో కడుపుతో?"

"పక్కిల్లేనండి, సత్యకుమారి. తొలిచూలు." అరుగు మీద నుంచే గోడ అవతలికి మెడ సాచి వీరవేణి కేకేసింది. "ఒసేయ్ సత్యా! దుర్గ వాళ్ళమ్మగారు మీ ఇంటికి వస్తున్నారు. నేనిస్తే తాగలేదు. నువ్వైనా కాస్త టీ పెట్టవే!"